ప్లేట్‌లెట్లు 142 అని వచ్చింది, లక్షన్నర ఉండాలి కదా?

గోదారిగట్టు
మంగళవారం, రాత్రి 9:12

నాన్నకు ఐదు రోజులుగా జ్వరం. వాళ్లు రాజమండ్రిలో, నేను బెంగళూరులో. మొన్న చేయించిన రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 1.56 లక్షలు అని ఉంది. ఈరోజు తమ్ముడు వేరే ల్యాబ్‌కి తీసుకెళ్తే రిపోర్టులో 142 అని వచ్చింది. పక్కన చిన్న అక్షరాల్లో "10³/మైక్రోలీటరు" అని ఏదో ఉంది.

నాన్న ఆ 142 ఒక్కటే చూశారు. లక్షన్నర నుంచి నూట నలభై రెండుకి పడిపోయానని, తమ్ముణ్ణి కూర్చోబెట్టి బ్యాంకు పాస్‌బుక్కులు ఎక్కడున్నాయో, ఎవరికి ఎంత బాకీ ఉందో చెప్పడం మొదలుపెట్టారు. డాక్టరుగారు రేపు పొద్దున్న గానీ దొరకరు. 142 అంటే 1.42 లక్షలేనా? నేను బీకామ్. ఈ పైన వేసే చిన్న అంకెల లెక్క పదో తరగతితోనే వదిలేశాను. ఎవరైనా త్వరగా చెప్పండి.


రాత్రిడ్యూటీ
మంగళవారం, రాత్రి 9:20

నేను ల్యాబ్‌లోనే పనిచేస్తాను. ముందు నాన్నగారికి ఫోన్ చేసి చెప్పండి, అది 1,42,000. పక్కనున్న 10³ అంటే వెయ్యి. 142ని వెయ్యితో గుణించాలి.

రక్తకణాలు లెక్కపెట్టే మెషీన్ ఎప్పుడూ ఇలాగే ఇస్తుంది. కొన్ని ల్యాబ్‌లు దాన్ని లక్షల్లోకి మార్చి ప్రింట్ చేస్తాయి, కొన్ని మెషీన్ ఇచ్చింది ఇచ్చినట్టు వదిలేస్తాయి. సీజన్‌లో రోజుకొకరైనా ఇదే టెన్షన్‌తో కౌంటర్ దగ్గరికి వస్తారు. మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండాలి, అంటే ఈ రిపోర్టు భాషలో 150 నుంచి 450. మీ నాన్నగారిది కొంచెం తక్కువ, అంతే. కానీ రేపు డాక్టరుగారిని మాత్రం తప్పకుండా కలవండి. డెంగీ అయితే జ్వరం తగ్గే రోజుల్లోనే ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోకూడదు.


గోదారిగట్టు
మంగళవారం, రాత్రి 9:41

చాలా థ్యాంక్స్ అండి. చెప్పాను. "మరి లక్షా నలభై రెండు వేలు అని రాయడానికి వాళ్లకేం నొప్పి?" అని అడుగుతున్నారు. నిజమే కదా, ఎందుకిలా రాస్తారు?


లెక్కలమాస్టారు_రిటైర్డ్
బుధవారం, ఉదయం 6:05

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్న సబబైనదే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ఎనిమిదో తరగతి పుస్తకంలో దీన్ని ప్రామాణిక రూపం అంటారు. సంఖ్యను రెండు ముక్కలు చేస్తాం. మొదటి ముక్క 1కి తగ్గకుండా, 10కి చేరకుండా ఉండాలి. రెండో ముక్క పది ఘాతం. 1,42,000ని 1.42×10⁵ అని రాస్తాం. దశాంశ బిందువును ఐదు స్థానాలు ఎడమకు జరిపాం కాబట్టి ఘాతాంకం 5. ఆ లెక్కన మీ రిపోర్టులోని 142×10³ అచ్చమైన ప్రామాణిక రూపం కాదు, మొదటి ముక్క 10 దాటిపోయింది. విలువ మాత్రం ఒకటే.

మొదటి ముక్క 10 లోపే ఉండాలని ఎందుకంత పట్టుదల? అలా ఉంటే పెద్దదేదో చిన్నదేదో ఘాతాంకం ఒక్కటి చూసి చెప్పేయొచ్చు. భూమి బరువు 5.97×10²⁴ కిలోలు, సూర్యుడిది 1.99×10³⁰. ముందున్న 5.97, 1.99 చూసి భూమే బరువనుకుంటే ఎలా ఉంటుంది? క్లాసులో ఏటా ఒకడైనా అలా అనేవాడు. నిన్న మీ నాన్నగారు చేసిందీ అదే. ముందున్న అంకె చూశారు, వెనకున్న ఘాతాన్ని వదిలేశారు. అసలు సంగతంతా ఆ వెనక చిన్న అంకెలోనే ఉంటుంది.


చైతూ_ఎంపీసీ
బుధవారం, ఉదయం 7:30

మాస్టారూ, పెద్ద సంఖ్యలు పర్లేదు. మైనస్ ఘాతాలు వస్తేనే నాకు బుర్ర తిరుగుతుంది. మొన్న వీక్లీ టెస్టులో 9×10⁻⁵, 2×10⁻³ ఇచ్చి ఏది పెద్దది అన్నారు. 9×10⁻⁵ పెట్టాను. నెగెటివ్ మార్కు కూడా పడింది.


లెక్కలమాస్టారు_రిటైర్డ్
బుధవారం, ఉదయం 7:58

మైనస్ చూడగానే అప్పు గుర్తొస్తుంది మనకి. ఇక్కడ అప్పూ లేదు, రుణ సంఖ్యా కాదు. 10⁻³ అంటే వెయ్యి ముక్కలు చేసి అందులో ఒకటి తీసుకోవడం. 10⁻⁵ అంటే లక్ష ముక్కలు చేసి ఒకటి తీసుకోవడం. వెయ్యి మందికి పంచిన లడ్డూలో నీకొచ్చే పలుకు పెద్దదా, లక్ష మందికి పంచిన దాంట్లో వచ్చేది పెద్దదా? రెండోదాంట్లో తొమ్మిది పలుకులు ఇచ్చినా సరిపోదు. 0.002, 0.00009 అని కాగితం మీద రాసి చూడు.

ఎలాగూ జ్వరం మాటతో మొదలైంది కాబట్టి ఆ లెక్కే చేద్దాం. దోమ పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు, అంటే 5×10⁻³ మీటర్లు. మన ఎర్రరక్తకణం వెడల్పు సుమారు 7×10⁻⁶ మీటర్లు. డెంగీ వైరస్ 50 నానోమీటర్లు, అంటే 5×10⁻⁸. ఇప్పుడు దోమని వైరస్‌తో భాగించు. 5, 5 పోయాయి. ఘాతాంకాలు తీసివెయ్యి, -3 లోంచి -8 తీస్తే 5. దోమ వైరస్ కన్నా 10⁵ రెట్లు, అంటే అక్షరాలా లక్ష రెట్లు పెద్దది. 1.6 మీటర్ల మనిషికి లక్ష రెట్లంటే 160 కిలోమీటర్లు. మన ముందు రాజమండ్రి నుంచి విజయవాడ దాకా పడుకున్న జంతువు ఉంటే ఎలా ఉంటుందో, ఆ వైరస్ ముందు దోమ అలా ఉంటుందన్నమాట.

0.005 ÷ 0.00000005 అని రాసి ఇదే లెక్క చేసి చూడు. సున్నాలు లెక్కపెట్టడంలో ఎక్కడో ఒకచోట తప్పుతావు. నేనూ తప్పుతాను.


ల్యాబ్‌రికార్డ్_బాధితుడు
బుధవారం, ఉదయం 9:15

బ్రో చైతూ, ఇంటర్‌లో క్యాలిక్యులేటర్ లేదని బాధపడకు. బీటెక్‌లో అది చేతికొచ్చాక ఇంకో రకం తిప్పలు.

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఎల్ఈడీలతో ప్లాంక్ స్థిరాంకం కనుక్కునే ప్రయోగం. రావలసింది 6.63×10⁻³⁴. నాకు ఎన్నిసార్లు చేసినా 6.5×10⁻³³ వస్తోంది. వైర్లు మార్చాను, ఎల్ఈడీలు మార్చాను, పక్క బ్యాచ్ వోల్ట్‌మీటర్ అడుక్కొచ్చాను. మూడు గంటలు పోయాక సీనియర్ అక్క వచ్చి నా చేతి వంక చూసి నవ్వింది. ఎలక్ట్రాన్ ఆవేశం 1.6×10⁻¹⁹ కొట్టడానికి నేను 1.6, గుణకారం, 10, ఆ తర్వాత ఈఎక్స్‌పీ మీట, ఆపైన -19 నొక్కుతున్నాను. ఆ మీటలోనే "ఇంటూ పది పవర్" అనే అర్థం ఉంది. నేను విడిగా ఇంకో 10 కలిపేసరికి ప్రతిసారీ పదింతలవుతోంది. 1.6 కొట్టి నేరుగా ఆ మీట నొక్కి -19 కొట్టాలి, అంతే.

రికార్డులో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. సార్ ఎర్ర ఇంకుతో "విశ్వం మారిపోయిందా నాయనా?" అని రాశారు.


ఎక్సెల్_కన్నీళ్లు
బుధవారం, మధ్యాహ్నం 1:10

నాదీ ఇక్కడే చెప్పుకుంటాను. నేను డేటా ఎంట్రీ చేస్తాను, ఎక్కడో అడక్కండి. రెండు వేల మంది ఆధార్ నంబర్లు ఎక్సెల్‌లో కొట్టాను. ఆధార్ 12 అంకెలు. 11 అంకెలు దాటగానే ఎక్సెల్ దాన్ని తనంతట తనే కుదించి 4.38215ఈ+11 లాగా చూపిస్తుంది. ఆ "ఈ" అంటే ఇంటూ పది పవర్ అని ఆరోజు నాకు తెలియదు. పైఅధికారి ఫైలు సీఎస్‌వీగా పంపమన్నారు, పంపాను. అందరి నంబర్లూ చివర ఆరు సున్నాలతో వెళ్లాయి. రెండు వారాల పని.


టెక్కీ_డాలస్
బుధవారం, సాయంత్రం 6:44

ఎక్సెల్_కన్నీళ్లు గారు, మామూలు ఎక్సెల్ ఫైలు మీ దగ్గర ఉంటే నంబర్లు పోలేదు. 15 అంకెల దాకా లోపల సరిగ్గానే దాచుకుంటుంది, పైకి మాత్రమే కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు పైకి కనిపించేదే రాసేస్తుంది కాబట్టి అక్కడ పోయాయి. 16 అంకెల కార్డు నంబర్లకు ఆ భాగ్యం కూడా లేదు, కొట్టగానే చివరి అంకె సున్నా అయిపోతుంది. మందు ఒకటే. నంబర్లు కొట్టే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఆధార్‌తో కూడికలు తీసివేతలు చేయం కదా, అది సంఖ్య కాదు, అంకెలతో రాసిన పేరు.

ఇంకో తమాషా. అపార్ట్‌మెంట్ వాళ్ల జాబితాలో 4ఈ2 అనే ఫ్లాట్ నంబర్ కొట్టి చూడండి. నాలుగో అంతస్తు కాస్తా నాలుగు వందలైపోతుంది.


ఎక్సెల్_కన్నీళ్లు
బుధవారం, సాయంత్రం 7:02

పాత ఫైలు ఉంది!! ఇప్పుడే తెరిచి చూశాను, గడి వెడల్పు చేసి ఫార్మాట్ మారిస్తే అన్నీ ఉన్నాయి. మీరు ఇండియా వచ్చినప్పుడు మా ఇంటికి భోజనానికి రావాలి అన్నయ్యా.


తాటాకుపుటలు
బుధవారం, రాత్రి 10:20

ఇదంతా పడమటి దేశాల నుంచి వచ్చిందన్నట్టు మాట్లాడుకుంటున్నారు. పది ఘాతాలకు మనవాళ్లు ఎప్పుడో పేర్లు పెట్టారు. భాస్కరాచార్యుడి లీలావతిలో ఏకం నుంచి పరార్ధం దాకా 18 స్థానాలున్నాయి. పరార్ధం అంటే 10¹⁷. అంతకు మూడు వందల ఏళ్ల ముందే, తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు 24 స్థానాలు చెప్పాడు, చివరిది మహాక్షోభ. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆయన గణితాన్నే. ప్రతి స్థానానికీ చక్కటి పేరుండగా ఈ 10 పైన చిన్న అంకెలు ఎందుకు?


లెక్కలమాస్టారు_రిటైర్డ్
గురువారం, ఉదయం 6:10

తాటాకుపుటలు గారూ, ఆ జాబితాలంటే నాకూ ప్రాణం. అవొగాడ్రో సంఖ్య 6.022×10²³ అని ఉంది కదా, మహాక్షోభ సరిగ్గా 10²³. అంటే 18 గ్రాముల నీటిలో ఆరు మహాక్షోభల అణువులున్నాయని మహావీరాచార్యుడి భాషలో చెప్పొచ్చు. వినడానికి ఎంత బాగుందో!

కానీ మీరు చెప్పిన రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. లీలావతిలో అర్బుదం 10⁸, మహావీరుడి దగ్గర 10¹⁰. ఖర్వం అక్కడ 10¹⁰, ఇక్కడ 10¹². మహాపద్మం అక్కడ 10¹², ఇక్కడ 10¹⁵. ఒకే పేరు, వెయ్యి రెట్ల తేడా. ఖర్వం వరహాలు అప్పు రాయించుకుంటే ఏ గ్రంథం ప్రకారం తీర్చాలి? పేరు చెబితే ఏ పుస్తకం అని అడగాలి. 10¹² అని రాస్తే అడగక్కర్లేదు.


తాటాకుపుటలు
గురువారం, ఉదయం 8:30

ఈ తేడా నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ గొడవ మనకొక్కరికే కాదు లెండి. బ్రిటన్‌లో 1974 దాకా ప్రభుత్వం లెక్కల్లో బిలియన్ అంటే 10¹². అమెరికావాళ్లకు 10⁹. తర్వాత బ్రిటన్ కూడా 10⁹కే దిగివచ్చింది.


టెక్కీ_డాలస్
గురువారం, ఉదయం 8:52

ఆ బిలియన్ ఇప్పటికీ మన పేపర్ల వాళ్లను ఏడిపిస్తోంది. 5 బిలియన్ డాలర్లని 5 కోట్ల డాలర్లుగా రాసిన హెడ్డింగులు చూశాను. నేను బట్టీ పట్టింది మూడే అంకెలు: లక్ష 5, కోటి 7, బిలియన్ 9. బిలియన్‌లో కోట్లెన్ని? 9 లోంచి 7 తీస్తే 2, అంటే 10², వంద కోట్లు. ట్రిలియన్ 12, మన లక్ష కోట్లు 5+7 కూడా 12. అవి రెండూ ఒకటే.


కృష్ణాతీరం
గురువారం, ఉదయం 11:25

ఇక్కడ లెక్కలు తెలిసినవాళ్లు చేరారు కాబట్టి అడుగుతున్నాను. నాగార్జునసాగర్ పూర్తి సామర్థ్యం 312 టీఎంసీలు. టీ అంటే ట్రిలియన్ కదా, అంటే 3.12×10¹⁴ ఘనపుటడుగులు అవుతుందా?


కాలవగట్టు_ఇంజనీరు
గురువారం, మధ్యాహ్నం 12:40

కాదండి, వెయ్యి రెట్లు ఎక్కువేశారు. టీ అంటే థౌజండ్, ఎం అంటే మిలియన్, సీ అంటే క్యూబిక్ ఫీట్. వెయ్యి మిలియన్లు అంటే 10³×10⁶, ఘాతాంకాలు కూడితే 10⁹. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. నేరుగా బిలియన్ అనకుండా థౌజండ్ మిలియన్ అని ఎందుకన్నారో పైన తాటాకుపుటలు గారు చెప్పింది చదివాక నాకూ తట్టింది. ఇంగ్లీషువాళ్ల పద్ధతిలో పెరిగిన ఇంజనీర్లకు అప్పట్లో బిలియన్ వేరే కదా, అందుకే కాబోలు.

కాబట్టి సాగర్ 3.12×10¹¹ ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, కాబట్టి సుమారు 8.8×10¹² లీటర్లు. ఎనిమిదిన్నర లక్షల కోట్ల పైన లీటర్లు.

లంచ్ టైమ్‌లో ఇంకొంచెం ముందుకెళ్లాను. మిల్లీలీటరుకు 20 చుక్కలు అనుకుంటే లీటరుకు 2×10⁴ చుక్కలు. నిండు సాగర్‌లో 1.8×10¹⁷ చుక్కలు. భాస్కరాచార్యుడి లెక్కలో దాదాపు రెండు పరార్ధాలు. ఇప్పుడు ఒక్క చుక్క తీసుకోండి. అది 0.05 గ్రాములు. 18 గ్రాములకు 6×10²³ అణువులు కాబట్టి, ఈ చుక్కలో 1.7×10²¹ అణువులు. 21 లోంచి 17 తీయండి.

సాగర్ మొత్తంలో ఎన్ని చుక్కలున్నాయో, ఒక్క చుక్కలో దానికి సుమారు పదివేల రెట్లు అణువులున్నాయి. తప్పు చేశానేమోనని మూడుసార్లు వేసి చూశాను. అన్నం చల్లారిపోయింది.


కృష్ణాతీరం
గురువారం, మధ్యాహ్నం 12:58

నలభై ఏళ్లుగా సాగర్ నీళ్లతో సాగు చేస్తున్నాను. చుక్క వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.


చైతూ_ఎంపీసీ
గురువారం, సాయంత్రం 5:15

మాస్టారూ ఇంకొక్క డౌట్. 3×10⁸ అనీ 3.00×10⁸ అనీ రెండూ రాస్తారు. కాంతి వేగమే కదా, ఒకటే కదా? ఆ సున్నాలు ఎందుకు?


లెక్కలమాస్టారు_రిటైర్డ్
గురువారం, సాయంత్రం 6:20

విలువ ఒకటే, పూచీ వేరు. 3×10⁸ అంటే "మూడుకు దగ్గర్లో" అని. 3.00×10⁸ అంటే "రెండు దశాంశాల దాకా నాదీ పూచీ" అని. కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు, మూడు సార్థక అంకెలకు సవరిస్తే 3.00 వస్తుంది.

ఎవరెస్ట్ గురించి ఒక కథ చెబుతారు. అప్పటి సర్వే వాళ్ల లెక్కల్లో ఎత్తు కచ్చితంగా 29,000 అడుగులు వచ్చిందట. అలా ప్రకటిస్తే ఏదో చూచాయగా చెప్పారనుకుంటారని రెండు అడుగులు కలిపారట. 1856లో ప్రకటించింది మాత్రం 29,002 అడుగులే. కథ నిజమో కాదో గానీ, 2.9000×10⁴ అని రాసి ఉంటే ఆ రెండు అడుగుల అబద్ధం అవసరం ఉండేది కాదు.


గోదారిగట్టు
శుక్రవారం, ఉదయం 10:05

మళ్లీ నేనే. నాన్నను నిన్న హాస్పిటల్‌లో చేర్చుకున్నారు, కంగారేం లేదన్నారు, గమనించడానికట. నేనూ వచ్చేశాను. ఇక్కడి రిపోర్టులో ప్లేట్‌లెట్లు 118 అని ఉంది, కానీ పక్కన 10⁹ ఉంది! మొన్న 10³. ఈసారి చిన్న అంకె నేనే ముందు చూశాను. 118×10⁹ అంటే 11,800 కోట్లు కదా?


రాత్రిడ్యూటీ
శుక్రవారం, ఉదయం 10:11

ఆ 10⁹ తర్వాత ఏముందో కూడా చూడండి. "లీటరుకు" అని ఉంటుంది. మొన్నటిది మైక్రోలీటరుకు. లీటరులో 10⁶ మైక్రోలీటర్లు. 9 లోంచి 6 తీస్తే 3. రెండూ ఒకటే, 1.18 లక్షలు. మొన్నటి 142తో నేరుగా పోల్చుకోవచ్చు. అదే కాగితం మీద ఎర్రకణాలకు 10¹² ఉంటుంది, దానికీ బెదరకండి.


కాలవగట్టు_ఇంజనీరు
శుక్రవారం, ఉదయం 11:30

ఎర్రకణాలంటే గుర్తొచ్చింది. లీటరు రక్తంలో సుమారు 5×10¹² కణాలు, మనిషిలో సుమారు 5 లీటర్లు. మొత్తం 2.5×10¹³. 2024-25 కేంద్ర బడ్జెట్ 48.21 లక్షల కోట్లు, అంటే 4.8×10¹³ రూపాయలు. మన దేశ బడ్జెట్ అంతా తెచ్చి ఒక్క మనిషి ఎర్రకణాలకు పంచితే తలా రెండు రూపాయలు కూడా పూర్తిగా రావు. నాన్నగారికి చెప్పండి, కాసేపు నవ్వుకుంటారు.


గోదారిగట్టు
సోమవారం, సాయంత్రం 4:40

నాన్న ఇంటికొచ్చేశారు. ఈరోజు రిపోర్టు 171, పక్కన 10³. తనే చదివి "లక్షా డెబ్బై ఒక్క వెయ్యి" అని మాకు చెప్పారు. పాస్‌బుక్కులు మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయాయి.

కాలవగట్టు ఇంజనీరు గారూ, మీ బడ్జెట్ లెక్క చదివి వినిపించాను. కణానికి రెండు రూపాయలు ఇచ్చేటట్టయితే ఇంకో రెండు సీసాలు తీసుకోమని ల్యాబ్ అబ్బాయితో అన్నారు.